మడమ ఒక్కటి ఉంచండి

నడుం కింద నుంచి పల్లంరాజు లేడు. వెన్నులో సూది గుచ్చిన మత్తు డాక్టరు "కాళ్ళు బరువెక్కుతున్నాయాండి?" అని అడిగినప్పుడు ఎక్కుతున్నాయన్నాడు గానీ, కుడి పాదం విషయంలో అది అబద్ధం. కుడి పాదం బరువెక్కడం మానేసి చాలాకాలమైంది. దాని కబురు అతనికి అందదు, అతని కబురు దానికి అందిందో లేదో వంగి చూసుకుంటే గాని తెలియదు. సుగరు జబ్బు నరాలను ఎలా తినేస్తుందో ఈ రాజమండ్రి ఆసుపత్రి గోడ మీద రంగుల బొమ్మ వేసి పెట్టారు. పొద్దున స్ట్రెచరు మీద తోసుకొస్తుంటే కనబడింది, ఆ బొమ్మలో కాలు ఎంత నున్నగా ఉందో, గోళ్ళకు రంగు కూడా వేశారు. ఛాతీ మీద అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కట్టారు. గుడ్డకు ఇవతల పల్లంరాజు, తలదగ్గర రూతు అనే నర్సు, బీప్ బీప్‌మంటున్న యంత్రం. అవతల డాక్టరు గారు, అతని కాలు. "తెరిచి చూశాక చెప్తానండి. కుళ్ళు వేళ్ళతో ఆగితే అదృష్టం. మడమ దాకా పాకితే మోకాలి కింద తీసెయ్యాలి," అని పొద్దున చెప్పారాయన, సాయంత్రం వాన పడేలా ఉందని చెప్పినంత మామూలుగా. భార్య సత్యవాణి సంతకం పెట్టింది. ఇప్పుడు బయట బల్ల మీద కూర్చుని ఉంటుంది. కూతురు హారతి పక్కన నిలబడి ఉంటుంది, ఆ పిల్ల ఇలాంటప్పుడు కూర్చోదు. అందరూ ఎదురుచూస్తున్నది ఒక్క దానికోసమే, వేళ్ళా, కాలా.

యంత్రం పై స్థాయి మధ్యమానికి ఒక వెంట్రుక తక్కువలో మోగుతోంది. వినగానే పట్టుకున్నాడు, పట్టుకోకుండా ఉండటం అతని చేతిలో లేదు. జన్మంతా కీబోర్డు ముందు కూర్చున్న చెవి, ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టినా దాని పని అది చేసుకుపోతుంది. ఎవరో ఇనప పళ్ళెంలో ఏదో పెట్టారు. అది గాంధారం. పెట్టింది కత్తా, వేలా అన్న ఆలోచన వచ్చేలోపు దాన్ని పక్కకు తోసేసి, వేళ్ళే పోతే చేయాల్సిన పని మొదలుపెట్టాడు. కీబోర్డు సౌండ్లను కాలితో మార్చే పెట్టె, ఫుట్ కంట్రోలరు, దాని మీద స్విచ్చులు రెండు వరసలు. దూరపు వరస వేళ్ళతో నొక్కేది, దగ్గర వరస పాదం మధ్యతోనో మడమతోనో నొక్కొచ్చు. దూరపు వరసలో ఉన్నవన్నీ దగ్గరికి దించెయ్యాలి. ఫ్లూటు ఈ చివర, పక్కది ఖాళీ, ఆ పక్కన సన్నాయి, మళ్ళీ ఒకటి ఖాళీ, వయొలిన్ల గుంపు ఆ చివర. పాటకో పేజీ, ఏ స్విచ్చుకు ఏ సౌండో ముందే రాసి పెట్టుకున్నది. పేజీ మార్చడానికి ఎడమ కాలు. పాపం ఎడమ కాలు, ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ ఏ పనీ అడగలేదు. వేళ్ళు లేనివాళ్ళు లోకంలో లేరా, నడవడం లేదా. మడమ ఉంటే మనిషి నిలబడతాడు, మడమ ఉంటే స్విచ్చు నొక్కుతాడు. మడమ ఒక్కటి ఉంచండి, మిగతాది మేం సర్దుకుంటాం అని గుడ్డ అవతలికి వినబడేలా చెప్పాలనిపించింది. నోరు ఎండిపోయి నాలుక పైకి అంటుకుపోయింది. రూతు తడిపిన దూదితో పెదాలు తుడిచింది.

"కాళ్ళు ఖాళీగానే ఉన్నాయి కదా రాజూ," అన్నాడు సురేంద్ర. ఆర్కెస్ట్రా అతనిది, వ్యాను అతనిది, ఎవరు వ్యానెక్కాలో ఎవరు దిగాలో చెప్పేదీ అతనే. రామచంద్రపురంలో ఒక రిసెప్షను అయ్యాక, వైర్లు చుట్టుకుంటుండగా అన్న మాట అది. ఆ సాయంత్రం పాట మధ్యలో ఫ్లూటు రావాల్సిన చోట పల్లంరాజు చెయ్యి కీల మీద నుంచి లేచి బటను వెతుక్కుంది. వెతుక్కునేలోపు పాడుతున్న అమ్మాయి చరణం ఎత్తుకోబోయి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. పెళ్ళికొడుకు స్నేహితులు నవ్వారు. పెళ్ళిలో నవ్వక ఏడుస్తారా, దానికేం. సురేంద్ర నవ్వలేదు, అదీ భయం. తుని బ్యాండులో కీబోర్డు మనిషి చేతులు ఎత్తకుండా కాలితోనే సౌండ్లన్నీ మార్చేస్తున్నాడట, ఫ్లూటు మనిషీ సన్నాయి మనిషీ కూడా వాళ్ళకు అక్కర్లేదట. నేర్చుకుంటావా, లేక వేరే వాడిని చూసుకోనా అని సురేంద్ర అడగలేదు. పెద్దమనిషి, అలా అడగడు. కాళ్ళు ఖాళీగానే ఉన్నాయి కదా అన్నాడు, అంతే. పల్లంరాజు మిగతా వైర్లు చుట్టేశాడు. తన పాదానికి స్పర్శ లేదని అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. ఏమని చెబుతాడు, ఒకసారి బస్టాండు దాకా ఒంటి చెప్పుతో నడిచి వెళ్ళిన సంగతి చెబుతాడా. రెండో చెప్పు దారిలో ఎక్కడ ఊడిందో తెలియలేదు. సత్యవాణి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది ఆ రోజు. తర్వాత మళ్ళీ అలాగే జరిగినప్పుడు ఆమె నవ్వలేదు, తనే వెనక్కి నడిచి వెళ్ళి చెప్పు వెతుక్కొచ్చింది.

గుడ్డ అవతల ఏదో పీల్చే చప్పుడు. గొట్టంలోంచి నీళ్ళు పోతున్నట్టు. నీళ్ళు కావు. చల్లగా ఉంది ఇక్కడ, ఐసు పెట్టెలో చేపల్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టారు. "చలేస్తోందాండి?" అని రూతు అడిగింది. లేదమ్మా అన్నాడు. వణుకుతూనే అన్నాడు.

ఆ ఫుట్ కంట్రోలరు పెట్టె ఇంటికొచ్చిన రోజు దాన్ని బల్ల మీద పెట్టి కుంకుమ బొట్టు పెట్టాడు. హారతి దాన్ని తీసి నేల మీద పెట్టింది. అక్కడే ఆగిపోయింది ఆ పెట్టె చదువు. హార్మోనియం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే మనిషి, దాని మీద కాలెలా వేస్తాడు. "నాన్నా, ఇది వాయిద్యం కాదు. ఇందులోంచి అసలు శబ్దమే రాదు. ఏ సౌండు వాయించాలో కీబోర్డుకి కబురు చెప్తుంది, అంతే," అంది హారతి. కబురు చెప్పేదాన్ని మాత్రం తొక్కొచ్చా అన్నాడు. వాకిట్లో రొయ్యలు ఒలుస్తున్న అమ్మ, అచ్చాయమ్మ, అప్పటిదాకా వింటూనే ఉంది. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి చేపలమ్మి అతన్ని పెంచింది, ఆమె తీర్పు చెప్తే ఇంట్లో ఇంకో మాట ఉండదు. "పడవ అన్నం పెడతాది మనకి. పడవని తొక్కకుండా ఎవడైనా పడవెక్కాడేంట్రా? చెప్పులిప్పేసి తొక్కు. గంగమ్మ ఏమనుకోదు," అంది. అతని మనసు కుదుటపడింది. వాళ్ళ ఊళ్ళో చెప్పులతో పడవెక్కరు, మరిచిపోయి ఎక్కినవాడు కడిగి దణ్ణం పెట్టేదాకా పడవ కదలదు. కాబట్టి ఆ రోజు నుంచి చెప్పులు గుమ్మం దగ్గర విప్పి, పెట్టెకు దణ్ణం పెట్టి, ఉత్త పాదం వేసేవాడు. ఆ చెప్పులు మామూలు చెప్పులు కావు. పాదానికి దెబ్బ తగలకుండా ఆసుపత్రిలోనే మెత్తటి రబ్బరు పెట్టి చేయించి ఇచ్చినవి, ఇంట్లో కూడా విప్పొద్దన్నవి. ఆ మాట అతనికి గుర్తుంది. గుర్తుంటే మాత్రం గంగమ్మ ముందు డాక్టరు మాట వింటాడా ఎవడైనా. మొండి వెధవ. ఇప్పుడు తిట్టుకుని ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం.

లాభం. అమ్మ చేపలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనేది కాదు, లాభం అనేది, లాభం, రెండు, మూడు. ఆ పెట్టె సున్నా నుంచి లెక్కపెట్టేది. కీబోర్డు పుస్తకంలో సన్నాయికి ఏ అంకె ఉందో అదే పెట్టెలో వేసి, దణ్ణం పెట్టి, కాలేస్తే, సన్నాయి బదులు చిరుగంట మోగింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ గంటే. "ఇది సున్నా నుంచి మొదలవుతుంది నాన్నా, అన్నిటికీ ఒకటి తగ్గించి వెయ్యాలి," అని హారతి చెప్పినప్పుడు, లోకంలో ఎవడి లెక్క వాడిది అనుకుని నవ్వాడు. బాగుండేవి ఆ సాయంత్రాలు. ఆ పిల్ల కాలేజీ నుంచి వచ్చి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, వీడియో చూసుకుంటూ ఒక్కో స్విచ్చుకీ ఒక్కో పని నేర్పేది. ఇతను పక్కన కూర్చుని బుద్ధిమంతుడిలా తలూపేవాడు. ఛానలంటే ఏంటో, పేజీ అంటే ఏంటో, ఒక్క నొక్కుతో ఫ్లూటు తెచ్చి వయొలిన్లను వెనక్కి పంపడం ఎలాగో. తనకు చదువు చెప్పించడానికి తండ్రి పడ్డ పాట్ల రుణం ఆ పిల్ల ఇలా తీరుస్తోందని సత్యవాణితో అన్నాడు కూడా. నొక్కి పట్టుకున్నంతసేపే మోగే సౌండొకటి ఉంటుందని, కాలు తీస్తే ఆగిపోతుందని ఒక రోజు చూపించింది. అతను నొక్కాడు. వయొలిన్లు మోగాయి. "ఇప్పుడు కాలు తియ్యి నాన్నా," అంది. తీశాడు. మోగుతూనే ఉన్నాయి. "తియ్యి నాన్నా." "తీశానమ్మా." హారతి ల్యాప్‌టాప్ లోంచి తలెత్తి కిందికి చూసింది. అతనూ చూశాడు. పాదం స్విచ్చు మీదే ఉంది. వయొలిన్లు మోగుతూనే ఉన్నాయి, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తర్వాత ఆ పిల్ల ఏమీ అడగకుండా ఆ స్విచ్చును ఒకసారి నొక్కితే మోగి, మళ్ళీ నొక్కితే ఆగేలా మార్చేసింది. రెండేసి స్విచ్చులు ఒకేసారి తొక్కుతున్నాడని మధ్యలో ఒక్కోటి ఖాళీ వదిలింది. కాలు చూడకుండా పని జరిగేలా ఒక్కో స్విచ్చుకు ఒక్కో రంగు దీపం పెట్టింది. తండ్రి అవమానం దాచడానికి ఎంత తెలివి వాడిందో, ఆ తెలివిలో కొంచెం పెట్టి అప్పుడే ఆసుపత్రికి లాక్కుపోయి ఉంటే. ఛ, పిల్లనంటాడేంటి. పిల్ల నోరు కట్టేసింది తనే. అడిగితే కసురుకుంటాడని ఆమెకు తెలుసు.

అవతల మాటలు ఆగాయి. డాక్టరు గారు ఎవరితోనో మెల్లగా ఏదో అన్నారు. పీల్చే చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. ఎందుకాగింది. ఆగిందంటే ఆ చోటు బాగున్నట్టా, బాగులేనట్టా. దేవుడా, నరసింహస్వామీ, నీ కొండ కింద వాయించాను కదా.

కోరుకొండ తీర్థం. కొండ కింద స్టేజి, జనం, జీళ్ళ దుకాణాల దీపాలు. స్పర్శ లేని కాలు నొక్కిందో లేదో తెలియక గట్టిగా తొక్కడం అలవాటు చేసుకున్నాడు, కాలితో సానచక్రం తిప్పేవాడిలా తొక్కేవాడు. దూరపు వరసలో ఒక స్విచ్చు మూత ఎప్పుడో ఊడిపోయి లోపలి రేకు అంచు పైకి తేలింది. కళ్ళు స్విచ్చుల దీపాల మీద పెట్టినవాడికి అదెలా కనబడుతుంది. ఆ సాయంత్రం మాత్రం అన్నీ కుదిరాయి. ఫ్లూటు రావాల్సిన చోట వచ్చింది, గాలి తిరిగినంత సులువుగా వచ్చింది, దాని వెనకే సన్నాయి, చేతులు కీల మీద నుంచి లేవనే లేదు. పాడుతున్న అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది, ఫ్లూటు మనిషి ఎక్కడున్నాడా అని. ఎవరూ లేరు, పల్లంరాజే ఉన్నాడు. సురేంద్ర స్టేజి పక్క నుంచి బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆ క్షణాన పల్లంరాజుకి ఎంత సంతోషం కలిగిందంటే, ఈ బల్ల మీద పడుకుని తలుచుకున్నా చేతివేళ్ళు ఆ పాటే వాయిస్తున్నాయి. మూడో పాటకో నాలుగో పాటకో పెట్టె జారుతున్నట్టు అనిపించింది, అడుగున తడిగా ఉంది. ఎవరో నిమ్మసోడా ఒలకబోశారనుకున్నాడు. తువ్వాలు తీసి పాదం కింద వేసుకుని వాయించాడు. దీపాల వెలుగులో తువ్వాలు రంగు తెలియలేదు. వ్యాను దగ్గరికొచ్చాకే చూశాడు.

పసుపు అద్దాడు. ఏం కాదన్నాడు. నొప్పి లేదు కదా, నొప్పి లేని పుండు పుండా. ఆ వారం ఇంకో రెండు చోట్ల వాయించాడు, మేజోడు తొడుక్కుని. అప్పుడు సత్యవాణికి వాసన తగిలింది. ఇంట్లో ఎక్కడో చేప కుళ్ళిందని వంటిల్లంతా దులిపింది, మంచం కింద చూసింది, అత్తగారి గంప కడిగి ఎండలో బోర్లించింది. వాసన పోలేదు. జీవితమంతా చేప మొప్పలెత్తి వాసన చూసి మంచిదో చెడ్డదో చెప్పిన ముక్కు అచ్చాయమ్మది. ఆమె గుమ్మంలో కూర్చుని కోడలి హడావిడి చూసి చూసి, "చేప కాదే అమ్మాయ్," అంది. లేచి వచ్చి కొడుకు కాలు ఒళ్ళో పెట్టుకుని మేజోడు తీసింది. తొక్కు, గంగమ్మ ఏమనుకోదు అన్న నోటితో ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు. ఈ రోజు ఆసుపత్రికి కూడా రాలేదు. అమ్మ తప్పేం లేదని చెప్పాలి, ఇంటికెళ్ళగానే అదే ముందు చెప్పాలి. వేళ్ళే పోయాయిలే అమ్మా అని నవ్వుతూ చెప్పాలి.

గుడ్డ పక్క నుంచి డాక్టరు గారి ముఖం వచ్చింది. కళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. "రాజుగారూ, పైకి పాకేసిందండి. చీము ఎముక దాకా పోయింది. మోకాలి కింద తీసేస్తాను. బయట మీ ఆవిడకి చెప్పి వచ్చాను."

"మడమ, డాక్టరు గారూ."

"మడమ కూడా పోయిందండి. ఉంచితే మిమ్మల్ని ఉంచదు."

"మడమ ఒక్కటి ఉంచండి. దాంతో నొక్కుకుంటాను. మా అమ్మాయి అన్నీ మార్చేస్తుంది, దగ్గర వరసలోకి దించేస్తుంది." ఆయనకు ఏమర్థమవుతుంది, ఏ వరస, ఏం దించడం. అయినా చెప్పాడు. స్విచ్చులు మార్చడం ఎంత తేలికో, రెండు నొక్కులు నొక్కితే దేని పని దానికి ఎలా మారిపోతుందో, నోరు తడబడుతున్నా చెబుతూనే ఉన్నాడు. డాక్టరు గారు తొందరపడకుండా అంతా విన్నారు. మంచివారు. విని రూతు వైపు తలూపారు. రూతు అతని చేతికి పెట్టిన గొట్టంలోకి ఏదో మందు ఎక్కించింది. "కొంచెంసేపు నిద్రపోండి," అంది.

నిద్ర కాదది. నిద్రయితే చెవి మూసుకోవాలి. ఎక్కడో రంపం మొదలైంది. ఊరి ఇసకలో పడవ కడుతున్నారు, చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి అక్కడే కూర్చునేవాడు. పలచటి చెక్కయితే రంపం గొంతు పైకి పోతుంది, మందపాటి దుంగయితే కిందికి దిగుతుంది. కళ్ళు మూసుకుని ఏ చెక్క కోస్తున్నారో చెప్పేవాడు, వడ్రంగి ముచ్చటపడి బెల్లం ముక్క పెట్టేవాడు. ఇప్పుడు పంచమంలో ఎత్తుకున్న రంపం గాంధారానికి దిగింది. ఇంకా దిగుతోంది. దుంగే, మందపాటి దుంగే, ఈ పడవకు ఎంత దుంగ కావాలో, సముద్రం మీదికి పోయే పడవయి ఉంటుంది. చెప్పులు విప్పి ఎక్కాలి. అందరూ ఎక్కుతున్నారు, సురేంద్ర, పాడే అమ్మాయి, హారతి ల్యాప్‌టాప్ పట్టుకుని. రంపం గొంతు ఒక్కసారి తేలికై పైకి లేచి ఆగిపోయింది. ఎవరో ఒకతను పసుపు సంచిలో చుట్టింది దేన్నో రెండు చేతుల్లో పెట్టుకుని గోడ వారగా నడిచి వెళ్ళాడు, పెద్ద పండుగొప్ప చేపను మోసుకెళ్ళే వాడిలా, బరువు ఒక పక్కకే ఉన్నట్టు. తలుపు తెరుచుకుని మూసుకుంది. యంత్రం అదే శ్రుతిలో మోగుతోంది.

మొదట చల్లదనం తెలిసింది. గుండ్రటి చల్లదనం, కుడికాలి బొటనవేలి కింద. ఇనుము. పల్లంరాజు ఊపిరి బిగబట్టాడు. కదిలితే పోతుందేమోనని కదలలేదు. పోలేదు. చల్లదనం చుట్టూ అంచు తెలిసింది, అంచులో ఒకచోట పైకి తేలిన రేకు తెలిసింది. అది గుచ్చుకుంటోంది. నొప్పి. సన్నగా, సూటిగా, పదునుగా నొప్పి, ఎంతకాలమైందో దాని ముఖం చూసి. పక్క వేలు తెలిసింది, దాని పక్కది, వేళ్ళ సందుల్లో గాలి. అరికాలు తెలిసింది. మడమ తెలిసింది. మడమ నేలకు ఆని ఉంది, మొత్తం పాదం ఇంటికొచ్చేసింది. అతని కళ్ళ లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. మందు పనిచేసింది. ఇన్ని రోజులూ ఎక్కించిన మందులన్నీ ఇప్పటికి పనిచేశాయి, ఆలస్యంగానైనా చేశాయి, వీళ్ళు ఇంకా మొదలుపెట్టకముందే.

"అమ్మా," అన్నాడు. "డాక్టరు గారిని ఆగమనండి. స్పర్శ వచ్చింది. కాలు మొత్తం తెలుస్తోంది. ఇక తియ్యక్కర్లేదని చెప్పండి."

రూతు గుడ్డ మీదుగా అవతలికి చూసింది. అవతల కుట్టు వేసి దారం కత్తిరిస్తున్న చప్పుడు వినబడింది, మళ్ళీ ఒకసారి వినబడింది. ఆమె అతని వైపు తిరిగింది.

"ఎక్కడ తెలుస్తోందండి?"

"బొటనవేలమ్మా. నొప్పి కూడా తెలుస్తోంది. ఇదిగో, కదుపుతున్నాను. చూడండి, కదులుతోందా?"

రూతు అతని చెవుల్లోకి కారుతున్న నీళ్ళు దూదితో తుడిచింది.

"కదులుతోందండి," అంది.